నల్లుల పని పట్టాలంటే 14వ రోజు మరవకండి

శ్రోతలకు నమస్కారం.

పొద్దున లేచేసరికి మెడ మీద, చేతుల మీద వరసగా మూడు నాలుగు దద్దుర్లు. దోమలనుకుని ఆ రాత్రి కాయిల్ వెలిగిస్తాం. నిజానికి దద్దును చూసి కుట్టింది దోమో నల్లో చెప్పడం డాక్టరుకైనా కష్టమే. కొందరికి దురద మర్నాడే మొదలవుతుంది, కొందరికి వారం దాకా తెలియదు. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఏమీ కాకపోవచ్చు కూడా. అందుకని ఒంటిని వదిలేసి మంచాన్ని వెతకండి.

పరుపు అంచు కుట్టు, తలవైపు బల్ల వెనక భాగం, పట్టె కోడులోకి దూరే చోటు, స్క్రూ గుంటలు టార్చి వేసి చూడండి. సందుల్లో పాత ఏటీఎం కార్డు దూర్చి లాగితే దాక్కున్నవి బయటికొస్తాయి. పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మరకలుంటే అవి నల్లి రెట్టలు. తడిగుడ్డతో రుద్దితే అలుముకుంటాయి. పక్కనే ఎండు పొట్టులాంటి కుబుసాలు, 1 మిల్లీమీటరు తెల్ల గుడ్లు కనబడతాయి. పెరిగిన నల్లి 5, 6 మిల్లీమీటర్లుంటుంది.

చిక్కంతా ఆ గుడ్లతోనే. మందు కొడితే నల్లులు చచ్చినా గుడ్లు చాలావరకు బతుకుతాయి. వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి, మళ్ళీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి నెల పైనే పడుతుంది. మనకు దొరికే వ్యవధి అదే. మొదటిసారి మందు కొట్టిన 14వ రోజున రెండోసారి కొట్టాలి. వారం రోజులు కుట్టలేదు కదా అని ఆపేసినవాళ్ళ ఇళ్ళలోనే నల్లి మళ్ళీ పుంజుకుంటుంది.

మందుకన్నా ముందు వేడి. 50 డిగ్రీలు దాటితే గుడ్లు కూడా మిగలవు. దుప్పట్లు, దిండు గలీబులు మంచం దగ్గరే సంచిలో మూటగట్టి తీసుకెళ్ళండి, దారిలో రాలకుండా. 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. ఇనుప మంచమైతే సందుల్లో మరిగే నీళ్ళు పోయండి. ప్లైవుడ్ ఉబ్బుతుంది కాబట్టి దానికి ఆవిరి యంత్రం మేలు, కాకపోతే నెమ్మదిగా జరపాలి. పరుపును ఎండలో వేయడం మనకు అలవాటే. కానీ పైభాగం కాలేసరికి నల్లి కిందివైపు నీడలోకి జారుకుంటుంది. పల్చటి బొంతకు ఎండ చాలు, మందపాటి పరుపుకు చాలదు.

బజారులో దొరికే స్ప్రేలలో చాలావాటికి నల్లులు అలవాటు పడిపోయాయి. నల్లి ఒంటి మీద మందు నేరుగా పడితే కొన్ని చస్తాయేమో, మిగతావి పక్కగదికి పోతాయి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిస్తే రెండోసారి రావడం కూడా ఆ డబ్బులోనే ఉందా అని ముందే అడగండి. ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి: ధాన్యానికి పురుగు పట్టకుండా వేసే బిళ్ళలు గదిలో పెట్టొద్దు. గాలిలో తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. అది పక్క పోర్షన్‌లోకి పాకి, నిద్రపోతున్నవాళ్ళ ప్రాణాలు తీస్తుంది.

తర్వాత మంచాన్ని గోడకు అరడుగు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా దోపండి. ఒక్కో కోడు కింద ఒక గిన్నె. మన వేడి ప్రాంతాల నల్లి నున్నటి ప్లాస్టిక్‌ను కూడా ఎక్కగలదు, కాబట్టి ఖాళీ గిన్నె పనికిరాదు. పాలగిన్నెకు చీమలు పట్టకుండా చేసినట్టే నీళ్ళు పోసి, కాస్త సబ్బు కలపండి. మూడు రోజులకోసారి మార్చండి. రెండు నెలలపాటు ఆ నీళ్ళలో ఒక్క నల్లీ పడకుండా, పరుపు మీద కొత్త మరకా లేకుండా ఉంటే పోయినట్టే.

హాస్టల్ నుంచి పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు బ్యాగు మంచం మీద పెట్టనీయకండి. బాత్రూం గచ్చు మీద విప్పించి, బట్టలు నేరుగా వేడినీళ్ళలో వేయండి. బ్యాగు జిప్పు వెంబడి, కింది కుట్టులోనూ ఒకసారి టార్చి వేయండి.