ఆర్గానిక్‌లో సీ, పప్పుచారులో ఉప్పు

అమెరికాలో మెడికల్ కాలేజీకి వెళ్దామని డిగ్రీ చదువుతున్న మా తమ్ముడికి ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ గ్రేడు వచ్చింది. ఆ కబురు ఎలా పాకిందో వైజాగ్ చేరింది. పెద్దమ్మ ఫోన్ చేసి, "దానికేముందే, ఇంప్రూవ్‌మెంట్ రాసేస్తే సరి!" అంది. పెద్దమ్మంటే సరే, ఇరవై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నవాళ్లూ ఇదే మాటంటున్నారు. అందుకే ఈ వీడియో.

మన ఇంటర్‌లో ఇంప్రూవ్‌మెంట్ రాస్తే ఏది ఎక్కువైతే అదే నిలుస్తుంది. అమెరికాలో చాలావరకు ఎండీ కాలేజీలకి, అంటే మామూలు మెడికల్ కాలేజీలకి, అప్లికేషన్లు ఏఎంకాస్ (AMCAS) అనే ఉమ్మడి అప్లికేషన్ సర్వీసు ద్వారా వెళ్తాయి. అక్కడ కొత్త గ్రేడూ లెక్కే, పాతదీ లెక్కే. మీ కాలేజీ పాతదాన్ని జీపీఏలోంచి, అంటే గ్రేడ్ల సగటులోంచి, తీసేసినా ఏఎంకాస్ తియ్యదు. సీ అంటే 2, ఏ అంటే 4. కలిపి సగటు చేస్తే 3. మళ్లీ ఆ క్లాసంతా కూర్చుని ఏ తెచ్చుకుంటే, లెక్కలో మిగిలింది బీ! డీవో కాలేజీల (ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలు, అక్కడా డాక్టర్లే అవుతారు) అప్లికేషన్‌లో ఒకప్పుడు పాతది వదిలేసేవాళ్లు, 2017లో వాళ్లూ ఆపేశారు.

పప్పుచారులో ఉప్పెక్కువైందనుకోండి. వెనక్కి తియ్యగలమా? నీళ్లో, ఉడికిన పప్పో పోసి చప్పబరచాలి, అంతే. జీపీఏ అచ్చం ఆ గిన్నే.

క్లాసుల బరువుని క్రెడిట్లలో లెక్కేస్తారు, ఏడాదికి 30 అనుకుందాం. ఫస్టియర్‌లో 30 క్రెడిట్లకి 2.8 వచ్చిందా? తర్వాత మూడేళ్లూ 3.8 తెస్తే 3.55కి చేరతారు. గిన్నెలో ఇంకా చోటుంది కదా. అదే మూడేళ్లు గడిచి, 90 క్రెడిట్లయ్యాక 3.2 దగ్గరుంటే? ఆఖరేడు మొత్తం 4.0 తెచ్చినా 3.4 దాటదు. గిన్నె నిండాక గ్లాసుడు నీళ్లు ఏ మూలకి? "ఫస్టియర్ కదా, తర్వాత చూసుకుందాం" అనే సీనియర్లంటే నాకు ఒళ్లు మంట. చూసుకోవచ్చు, కానీ ఆ తర్వాత అనేది సెకండియర్ మొదట్లోనే రావాలి.

పక్కన ఇంకో చిన్న గిన్నె కూడా ఉంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడ్లతో సైన్స్ జీపీఏ విడిగా కడతారు. ఆర్ట్ హిస్టరీలో తెచ్చిన ఏ గ్రేడ్లు అందులో పడవు.

పేరున్న కాలేజీల్లో సమస్య వేరే. ఆ క్లాసులో కూర్చున్న ప్రతివాడూ వాడి స్కూల్లో ఫస్టే. చాలాచోట్ల గ్రేడు కర్వ్ మీద, అంటే క్లాసులో మిగతావాళ్లతో పోల్చి, పడుతుంది కాబట్టి, బాగా రాసినవాళ్లలోనే సగంమంది సగటు కిందకి పోవాలి. ప్రిన్స్‌టన్ అయితే 2004లో, ఏ గ్రేడ్లు 35 శాతం మించకూడదని ఏకంగా నియమమే పెట్టుకుంది, 2014లో ఎత్తేసింది. మరి ఏఎంకాస్ లెక్కలో పెద్ద కాలేజీకని బోనస్ పాయింట్లుంటాయా? ఉండవు. అప్లికేషన్ చూసే అడ్మిషన్ కమిటీకి కాలేజీ పేరు తెలుసు, నిజమే, కానీ అంకె మాత్రం మారదు. కాలేజీ పేరు చూసి పార్టీ ఇచ్చిన తల్లిదండ్రులకి ఇది మింగుడు పడదు, నాకు తెలుసు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. మిడ్‌టర్మ్ ఘోరంగా పోతే, గడువు దాటకముందే క్లాసు వదిలెయ్యొచ్చు. ట్రాన్స్‌క్రిప్టులో (మార్కుల పత్రం) డబ్ల్యూ, అంటే విత్‌డ్రా అని, పడుతుంది, జీపీఏకి తగలదు. అంటే ఆ గరిటె ఉప్పు గిన్నెలో పడకముందే చెయ్యి పట్టుకున్నట్టు. ఒకటి పర్లేదు, టర్ముకొకటి వేసుకుంటే అడుగుతారు.

డిగ్రీ అయ్యాక పోస్ట్‌బాక్ అని మళ్లీ అండర్‌గ్రాడ్ క్లాసులు తీసుకుంటే, అవి పాత అండర్‌గ్రాడ్ గిన్నెలోనే పడతాయి, సైన్స్ క్లాసులైతే ఆ చిన్న గిన్నెలో కూడా. మెడికల్ కాలేజీకి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఉండే స్పెషల్ మాస్టర్స్ అలా కాదు, అది గ్రాడ్యుయేట్ జీపీఏ, వేరే పొయ్యి మీద వేరే గిన్నె. పాత చారు అలాగే ఉంటుంది, "ఇదిగో, ఇప్పుడు ఉప్పు సరిగ్గా వేస్తున్నా" అని చూపించుకోవడమన్నమాట. ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఎంక్యాట్ అని మెడికల్ కాలేజీల ఎంట్రన్స్ పరీక్ష ఉంది, స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది, దాని సంగతి ఇంకో వీడియోలో. పెద్దమ్మా, ఇది నీకూ పంపిస్తున్నా. తమ్ముడికి మాత్రం ఈ వారం ఫోన్ చెయ్యకు, ఫైనల్స్ నడుస్తున్నాయి.