రెండేళ్లు రోజూ వాడిన అరంగుళం ఎయిర్ గన్: బలం, భద్రత, సంరక్షణపై నా రివ్యూ

నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్‌లో చిన్న కార్ల గ్యారేజీ నడుపుతున్నాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది కంప్రెసర్ గాలితో నట్లు విప్పే, బిగించే ఇంపాక్ట్ రెంచ్. దీని ముక్కు, అంటే సాకెట్ తగిలించే చదరపు భాగం, అరంగుళం సైజు. మన షెడ్లలో అందరం దీన్ని ఎయిర్ గన్ అనే పిలుస్తాం. రెండేళ్లుగా రోజూ దీనితోనే పని చేస్తున్నాను. ఇది ఏ కంపెనీదో ఈ వీడియోలో చెప్పడం లేదు. ఈ రెండేళ్లలో నేను నేర్చుకున్నది ఏ కంపెనీ గన్నుకైనా వర్తిస్తుంది కాబట్టి, మీ దగ్గర ఏ గన్ను ఉన్నా చివరి వరకు చూడండి.

ముందుగా పెట్టె మీది అంకె గురించి మాట్లాడుకుందాం. దీని పెట్టె మీద 800 న్యూటన్ మీటర్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. నట్టును తిప్పే బలానికి, అంటే టార్క్‌కు, ఇది కొలత. ఇలాంటి అంకె సాధారణంగా నట్టు విప్పే దిశలో వచ్చే గరిష్ఠ బలాన్ని చెబుతుంది; బిగించే దిశలో అంతకంటే తక్కువే వస్తుంది. పైగా ఆ అంకె రావాలంటే గన్ను తోక దగ్గర, అంటే గాలి లోపలికి వెళ్లే చోట, గాలి పారుతున్నంతసేపూ, 90 పీఎస్‌ఐ ప్రెషర్ ఉండాలి. మనం చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలని చెప్పుకుంటే అది దాదాపు ఆరుంపావు కేజీలు. మనం మాత్రం కంప్రెసర్ మీది గేజీలో ఎనిమిది కేజీలు చూసి, గాలి సరిపోతోందని తృప్తిపడతాం.

ఈ గన్ను కొన్న మూడో నెలలోనే నాకు సందేహం వచ్చింది. తుప్పుపట్టిన ఒక వీల్ నట్టు మీద పది సెకన్లు కొట్టినా అది కదలలేదు. గన్ను వెనక్కి ఇచ్చేద్దామనుకుంటూ, అంతకు ముందు ఒక చిన్న ఏర్పాటు చేశాను. గన్ను తోకకూ పైపుకూ మధ్య ఒక టీ జాయింటు, దాని మీద ఒక గేజీ బిగించాను. ట్రిగ్గర్ నొక్కనప్పుడు ముల్లు 90 దగ్గర నిలబడింది, నొక్కగానే 60 దగ్గరకు పడిపోయింది. కారణం నా కాళ్ల దగ్గరే ఉంది. 20 మీటర్ల పొడవున్న సన్నని పావంగుళం పైపు, దాని రెండు చివరలా అంతకంటే సన్నని కప్లర్లు, అంటే పైపును తగిలించే జాయింట్లు. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లున్న పైపు తెచ్చి, కప్లర్లు కూడా పెద్దవి వేసి, అదే నట్టు మీద మళ్లీ కొడితే ముల్లు 84 కంటే దిగలేదు, నట్టు రెండు సెకన్లలో వచ్చేసింది. గన్ను మారలేదు, దానికి గాలి వెళ్లే దారి మాత్రమే వెడల్పయింది.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. బలం తగ్గిందనిపించగానే రెగ్యులేటర్ తిప్పి ప్రెషర్ ఎనిమిది కేజీలకు పెంచుతారు. అడ్డంకి పైపులో ఉంటే పని మొదట్లో కొంచెం మెరుగైనట్టే కనిపిస్తుంది. కానీ ట్రిగ్గర్ వదిలిన ప్రతిసారీ పైపులో పూర్తి ప్రెషర్ నిలబడుతుంది, మళ్లీ నొక్కిన క్షణాన తనకు నిర్ణయించిన హద్దుకు మించిన దెబ్బ లోపలి హ్యామర్ల మీద, ముక్కు మీద పడుతుంది. హద్దు దాటి నడిపిన గన్ను ముక్కు విరిగితే ఆ ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. పైపు మార్చండి, కప్లర్ మార్చండి, ప్రెషర్ మాత్రం పెంచకండి. కప్లర్‌ను నేరుగా గన్ను తోకకు బిగించకుండా మధ్యలో ఒక అర మీటరు మెత్తని పైపు ముక్క వేస్తే, గన్ను అదురు కప్లర్‌కు తగలక అది ఎక్కువ కాలం లీకు లేకుండా ఉంటుంది.

ఇప్పుడు కెమెరాను బల్ల దగ్గరకు తెస్తున్నాను. విప్పి పెట్టినది మా దగ్గరున్న పాత గన్ను. ఈ గుండ్రటి సిలిండర్ లోపల తిరిగేది రోటర్. దాని మీది గాడుల్లో పలుచని బ్లేడ్లు ఉంటాయి. గాలి వచ్చినప్పుడు ఇవి గాడుల్లోంచి బయటికి జరిగి సిలిండర్ గోడను ఆనుకోవాలి, అప్పుడే గాలి వాటిని తోసుకుంటూ రోటర్‌ను తిప్పుతుంది. రోటర్ ముందున్న ఈ రెండు బరువైన ఉక్కు ముక్కలు హ్యామర్లు. నట్టు వదులుగా ఉన్నంతసేపు ఇవి ముక్కుతో కలిసి తిరుగుతాయి. నట్టు మొరాయించగానే జారి, వేగం పుంజుకుని, మళ్లీ వచ్చి ముక్కును కొడతాయి. బలమంతా ఈ క్షణకాలపు దెబ్బల్లో ఉంటుంది కాబట్టే, వందల న్యూటన్ మీటర్ల గన్నును మనం మణికట్టు మెలితిరగకుండా పట్టుకోగలుగుతున్నాం.

ఈ బ్లేడును దగ్గరగా చూడండి. అంచు వెంట కాఫీ గింజ రంగులో జిగురు పట్టి ఉంది. గాడిలోంచి దీన్ని వేలితో లాగితే రావడం లేదు, సన్నని స్క్రూడ్రైవర్‌తో కదిలించాల్సి వస్తోంది. సిలిండర్ గోడ మీద తుప్పు చారలు కనిపిస్తున్నాయి. ఇలా ఇరుక్కున్న బ్లేడు గోడను తాకదు, గాలి పని చేయకుండా పక్కనుంచి జారిపోతుంది. ఈ గన్ను పాడవడానికి రెండు కారణాలు: నీరు, తప్పుడు ఆయిల్.

నీటి సంగతి మన కోస్తా వాళ్లం మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 35 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 28 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. నిమిషానికి 10 ఘనపుటడుగుల గాలి పీల్చే కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటకు సుమారు 17 ఘనపు మీటర్ల గాలి లోపలికి పోతుంది. ఆ గాలితో పాటు పోయే నీరు 470 గ్రాముల పైమాటే. గాలి నొక్కుకుని, తర్వాత చల్లబడ్డాక అందులో ఎక్కువ భాగం ట్యాంకు అడుగున నీరై దిగుతుంది. దాన్ని తీసేయకపోతే ట్యాంకు లోపలినుంచి తుప్పుపడుతుంది, మిగిలింది పైపు వెంట గన్నులోకి పోతుంది. మా షెడ్డులో రోజూ సాయంత్రం కంప్రెసర్ ఆపి, ప్రెషర్ తగ్గనిచ్చి, కింద ఉన్న డ్రెయిన్ కాక్ తెరిచి నీరంతా వదిలేస్తాం. దానికి తోడు, గన్ను వైపు గోడ మీద నీరు పట్టే ఫిల్టరు, రెగ్యులేటర్, ఆయిల్ కలిపే లూబ్రికేటర్ మూడూ కలిసిన ఎఫ్‌ఆర్‌ఎల్ పెట్టించాను. టైర్లలో గాలి నింపే పైపును మాత్రం ఆ లూబ్రికేటర్ కంటే ముందు నుంచి తీసుకోవాలి, టైరులోకి ఆయిల్ పోకూడదు.

లూబ్రికేటర్ లేనివారు ఉదయం పని మొదలుపెట్టే ముందు గన్ను తోకలో ఎయిర్ టూల్ ఆయిల్ నాలుగైదు చుక్కలు వేసి, రెండు సెకన్లు మెల్లగా నడిపితే చాలు. ఆ మొదటి గాలితో పాటు ఆయిల్ తుంపర బయటికి వస్తుంది, ముఖానికి ఎదురుగా పెట్టుకోకూడదు. కార్లలోంచి తీసేసిన పాత ఇంజిన్ ఆయిల్ ఎలాగూ ఉంది కదా అని అది వేయకండి. ఇంతకు ముందు చూసిన జిగురు దాని పనే. తుప్పు వదిలించే స్ప్రే కూడా ఆయిల్‌కు బదులు కాదు, ఉన్న ఆయిల్‌ను అది కడిగేస్తుంది. హ్యామర్ల భాగానికి వేసే గ్రీజు వేరు. అది ఎంత, ఎప్పుడు వేయాలో మాన్యువల్ చెబుతుంది, ఎక్కువ కూరితే హ్యామర్లు మందగిస్తాయి.

సాకెట్ల విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. బల్ల మీద రెండు 19 నంబరు సాకెట్లున్నాయి. మెరుస్తున్నది చేతి రాట్చెట్‌కు చేసినది. గట్టిగా ఉంటుంది, కానీ దాని గోడ పలుచన. గన్ను ఒకటే పోటున కొట్టే దెబ్బలకు అది చెప్పకుండా పగులుతుంది. నల్లనిది ఇంపాక్ట్ సాకెట్. గోడ మందంగా ఉంటుంది, దెబ్బను కొంత సాగి ఓర్చుకునే ఉక్కుతో చేస్తారు. ఇక్కడ, మెరిసే సాకెట్ మూల దగ్గర, వెంట్రుకంత గీత కనిపిస్తోంది చూడండి. ఇది మా కుర్రాడు నాకు చెప్పకుండా రెండు రోజులు గన్నుకు వాడినది. ఇంకో పది నట్లు విప్పి ఉంటే ఇది ముక్కలై ఎగిరేది. సాకెట్ మార్చే ప్రతిసారీ ముందు పైపు ఊడదీయాలి, ముక్కు మీది రింగు అరిగి సాకెట్ వదులుగా కూర్చుంటే ఆ రింగు మార్చే వరకు గన్ను పక్కన పెట్టాలి.

కళ్లజోడు లేనిదే మా షెడ్డులో ఎవరూ గన్ను పట్టరు. మామూలు కళ్లజోడు కాదు, పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గ్లాసులు. మెడలో తువ్వాలు వేసుకుని, చెమట తుడుచుకుంటూ పనిచేయడం మనకు అలవాటు. గన్ను పట్టేటప్పుడు ఆ తువ్వాలు తీసి మేకుకు తగిలించండి. వదులుగా ఉన్న నూలు గ్లౌజులు కూడా తిరిగే సాకెట్‌కు చుట్టుకుంటాయి కాబట్టి చేతికి అతుక్కునే గ్లౌజులే వాడాలి. సాకెట్ కదలకుండా ఉంటుందని రెండో చేత్తో దాన్ని పట్టుకునేవారిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

చెవుల సంగతి మనవాళ్లు అసలు పట్టించుకోరు. మన ఫ్యాక్టరీ నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. ఇలాంటి గన్నుల శబ్దం చాలావరకు ఆ హద్దు దాటే ఉంటుంది, రేకుల షెడ్డులో అది గోడల మీదినుంచి తిరిగి మన చెవుల్లోకే వస్తుంది. స్పంజి ఇయర్ ప్లగ్గుల జత చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. చేతులకు తగిలే అదురు విషయంలో యూరోపియన్ యూనియన్ 2002లోనే హద్దులు నిర్ణయించింది: ఎనిమిది గంటల సగటున 2.5 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి, 5 దాటనే కూడదు. రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కడం, చలిలో వేళ్ల కొసలు తెల్లబడడం కనిపిస్తే డాక్టరుకు చూపించుకోండి, గన్ను పనిని ఇద్దరి మధ్య పంచండి.

ఇంకొక్క మాట బాధతో చెబుతున్నాను. కంప్రెసర్ గాలితో బట్టల మీది దుమ్ము కొట్టుకోవడం, సరదాకని తోటివారి మీద గాలి వదలడం ఏ షెడ్డులోనూ జరగకూడదు. ఇలా సరదాగా మొదలైన పని ప్రాణాలు తీసిన సంఘటనలు మన దేశంలో ఎన్నోసార్లు వార్తల్లో వచ్చాయి. చర్మంలోకో, శరీరంలోకో దూరిన గాలి లోపల చేసే నష్టం పైకి కనిపించదు. కొత్తగా చేరిన పిల్లలకు గన్ను ఇవ్వడానికి ముందే నేను ఈ మాట చెబుతాను.

ఇక బిగించడం. గన్ను విప్పడానికి ఎంత మంచిదో, చివరి బిగింపుకు అంత చెడ్డది. దీని మీద 1, 2, 3 అని ఉన్న మీట టార్క్‌ను కొలవదు, లోపలికి పోయే గాలిని తగ్గిస్తుంది, అంతే. ఎంత టార్క్ పడిందనేది ప్రెషర్, నట్టు తుప్పు, మీరు ట్రిగ్గర్ పట్టిన కాలం అన్నీ కలిసి తేలుస్తాయి. ఇది నేను నేర్చుకున్నది మా తప్పు వల్లే. మా దగ్గర చక్రాలు మార్పించుకున్న ఒక టీచరమ్మ, వారం తిరక్కుండా, వర్షం పడుతున్న రాత్రి కాజ టోల్‌ప్లాజా దాటాక పంక్చరై ఆగిపోయారు. కారులో వచ్చిన వీల్ స్పానర్ మీద ఆమె తండ్రి ఎక్కి నిలబడినా నట్టు కదలలేదు. ఆ పెద్దాయన కాలు జారి మోకాలు కొట్టుకుపోయింది. నేను స్పానర్‌కు తొడిగే పొడవాటి ఇనుప పైపు పట్టుకుని వెళ్లి ఆ నట్లు విప్పేసరికి రాత్రి పదకొండు దాటింది.

లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల స్పానర్ చివర 40 కేజీల బరువు వేస్తే సుమారు 118 న్యూటన్ మీటర్లు వస్తుంది. వోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో చాలావాటికి వీల్ బోల్టు టార్క్ 120 కాబట్టి, సరిగా బిగించిన చక్రాన్ని ఎవరైనా ఆ స్పానర్‌తో విప్పుకోగలరు. గన్నుతో 350 దాకా కొట్టేస్తే అదే స్పానర్ మీద 119 కేజీలు వేయాలి. అంత బిగింపుకు స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, సాగుతుంది, మరలు దెబ్బతింటాయి, అలాంటి స్టడ్డు తర్వాత ఎప్పుడో రోడ్డు మీద తెగుతుంది.

ఆ రాత్రి నుంచి మా పద్ధతి మారింది. ప్రతి నట్టునూ ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కిస్తాం, మర తప్పి ఎక్కితే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత గన్ను మీట 1 మీద పెట్టి, ఎదురెదురు నట్ల వరసలో, నట్టు చక్రానికి ఆనేంతవరకే నడిపి వదిలేస్తాం. జాకీ దించి, టైరు నేలకు తగిలాక, ఆ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచ్, అంటే పెట్టిన టార్క్ రాగానే క్లిక్‌మనే రెంచ్, పెట్టి చేత్తో పూర్తి చేస్తాం. కారుకు దీనికి పట్టేది మూడు నిమిషాలు.

గన్ను విషయానికొస్తే, మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. బరువు రెండున్నర కేజీల పైనే ఉంది కాబట్టి తల పైకెత్తి కారు కింద పనిచేసేటప్పుడు చేయి లాగుతుంది, ఆ పనికి తేలికపాటి గన్ను మేలు. హ్యామర్లు, ముక్కు రెండేళ్లకూ చెక్కుచెదరలేదు. ఒకసారి బ్లేడ్ల సెట్టు మార్చాను. 50 లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసర్‌తో వాడాలనుకునేవారు మాత్రం ఒక చక్రం విప్పాక ట్యాంకు నిండే వరకు ఆగాల్సి వస్తుందని తెలుసుకుని కొనండి. పెట్టె మీద ఉండే నాలుగైదు సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి, సగటు వాడకం మాత్రమే, ట్రిగ్గర్ పట్టి ఉంచితే దానికి నాలుగైదు రెట్లు గాలి తాగుతుంది.

ఇప్పుడు ఈ కారు నాలుగో చక్రం మిగిలింది. గన్ను ఊడదీసి పక్కన పెట్టాను, మా కుర్రాడు టార్క్ రెంచ్ పట్టుకున్నాడు. క్లిక్‌మన్న శబ్దం వినండి, అక్కడితో ఆపేశాడు. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వచ్చి నట్లు చూపించుకోమని బిల్లు మీద రాస్తున్నాను.