నీలం గుడ్ల కోసం కోళ్ళు కొంటున్నారా? లేబుల్ మీద పేరు చూసి కొనకండి

నమస్కారమండీ. వసంతం మొదలైంది కదా, ఇక్కడ అమెరికాలో ఫీడ్ స్టోర్లలో కోడిపిల్లలు వచ్చేశాయి. పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుదామనుకునే మనవాళ్ళు ఎక్కువగా అడిగేది నీలం గుడ్ల గురించే. ఏ జాతి కొనాలో చెప్తాను, కానీ ముందు ఈ రెండు గుడ్లు చూడండి.

ఇది నీలం, ఇది గోధుమరంగు. రెండూ పగలగొట్టి, లోపలి పల్చటి పొర తీసేస్తున్నాను. కెమెరా దగ్గరికి తెస్తాను, ఆగండి. చూశారా? గోధుమరంగు గుడ్డు పెంకు లోపల తెల్లగా ఉంది. నీలం గుడ్డు మాత్రం లోపల కూడా నీలమే.

కోడి కడుపులో పెంకు తయారవడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. బిలివెర్డిన్ అనే నీలం రంగు పెంకులోనే కలిసిపోతుంది. గోధుమరంగు అలా కాదు, అది చివర్లో గోడకి సున్నం వేసినట్టు పైన పడే పూత. నీలం పెంకు మీద ఆ పూత పడితే ఆకుపచ్చ గుడ్డు. పూత బాగా ముదురుగా ఉంటే ఆలివ్ రంగు. ఇన్ని రంగుల వెనక ఉన్నది ఇంతే. మేత మారిస్తే పచ్చసొన రంగు మారుతుంది గానీ, తెల్ల గుడ్డు పెట్టే కోడి నీలం గుడ్డు పెట్టదు. ఒక పెట్ట రోజుకో రంగు గుడ్డు పెడుతుందనేదీ అబద్ధమే. ఛాయ కాస్త ముదరొచ్చు, తేలిపోవచ్చు, అంతే.

ఈ నీలం ఎలా వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఎప్పుడో ఒక వైరస్ ముక్క కోడి డీఎన్ఏలో ఇరుక్కుపోయింది, దానివల్లే ఈ రంగు. 2013లో ఈ సంగతి బయటపడింది. చిలీలో మాపుచే ప్రజలు పెంచిన కోళ్ళలో ఒకసారి, చైనా కోళ్ళలో విడిగా ఇంకోసారి జరిగిందట! తినేవాళ్ళకి ఏ హానీ లేదు. ప్రత్యేకమైన బలమూ లేదు, మామూలు గుడ్డే.

ఇక జాతులు. చిలీ కోళ్ళ నుంచి వచ్చింది అరౌకానా. అమెరికాలో పెంచే రకానికి తోక ఉండదు, చెవుల దగ్గర ఈకల కుచ్చులుంటాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ, ఆ కుచ్చుల జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. కొత్తవాళ్ళకి నేనైతే వద్దంటాను.

ఆ ఇబ్బంది లేకుండా నీలం గుడ్డు మాత్రం ఉంచుకుని తయారుచేసిన జాతి అమెరౌకానా. 1984లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ గుర్తించింది. బుగ్గల మీద, గడ్డం కింద గుబురుగా ఈకలుంటాయి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. స్టోర్లో డబ్బా మీద "అమెరికానా" అని ఉంటే మురిసిపోకండి. చాలావరకు అవి ఈస్టర్ ఎగ్గర్లు, అంటే నీలం జన్యువు ఉన్న సంకరాలు. నాకు వాటి మీద కోపం లేదు, చవక, గట్టి పిల్లలు. కాకపోతే ఆకుపచ్చ రావచ్చు, నీలం రావచ్చు, ఒక్కోసారి ఉత్త గోధుమరంగు కూడా రావచ్చు. ఆరు నెలలు మేపాక తెలుస్తుంది.

ఊళ్ళలో చాలాచోట్ల పుంజుల్ని పెంచనివ్వరు కాబట్టి నా ఓటు క్రీమ్ లెగ్‌బార్‌కి. దీన్ని ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జిలో తయారుచేశారు. బయాలజీలో పన్నెట్ స్క్వేర్ చదువుకున్నారు కదా, ఆ పన్నెట్ గారి పనే, మైకేల్ పీజ్‌తో కలిసి. గుడ్డులోంచి వచ్చిన రోజే పుంజు, పెట్ట తేడా కనిపిస్తుంది. పెట్టపిల్ల వీపు మీద ముదురు చార స్పష్టంగా ఉంటుంది, పుంజుపిల్ల తల మీద లేత మచ్చ ఉంటుంది. గుడ్లు నీలంగానో, కాస్త పచ్చ ఛాయతోనో వస్తాయి. తెల్ల లెగ్‌హార్న్‌లా దాదాపు రోజూ పెట్టదు, వారానికి నాలుగు అనుకోండి.

ఆలివ్ కావాలంటే ముదురు గోధుమ గుడ్లు పెట్టే ఫ్రాన్స్ జాతి మారాన్స్‌నీ, అమెరౌకానానీ కలిపిన పిల్లల్ని అడగండి.

ఈస్టర్ ఎగ్గర్ పిల్లల్లో ఎంచుకోవడానికి ఒక చిట్కా ఉంది. తురాయి నిక్కబొడుచుకుని కాకుండా, చిన్న గడ్డల వరుసలతో నెత్తికి అణిగి ఉంటే నీలం జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. దాన్నే పీ కోంబ్ అంటారు. ఆ రెండు జన్యువులూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి సాధారణంగా కలిసే వస్తాయి. లెగ్‌బార్‌కి ఇది వర్తించదు, దాని తురాయి నిలువుగానే ఉంటుంది. మన అసీల్‌కి కూడా అణిగిన తురాయే, కానీ గుడ్డు లేత గోధుమే. మన పందెం కోడి నీలం గుడ్డు పెట్టదండీ!

కొనేముందు అమ్మేవాళ్ళని తల్లి గుడ్డు ఫోటో అడగండి. తండ్రి ఏ రంగు గుడ్డులోంచి వచ్చాడో కూడా అడగండి, ఎందుకంటే సగం జన్యువులు అతనివే. ఈ రెండూ చెప్పలేకపోతే ఈస్టర్ ఎగ్గర్ ధరే ఇవ్వండి, అంతకు మించి వద్దు.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళకి ఒక మాట. కడక్‌నాథ్ నల్ల గుడ్లు పెడుతుందని వాట్సాప్‌లో తిరిగే ఫోటోలు నమ్మకండి. మాంసం, చర్మం నల్లగా ఉంటాయి గానీ గుడ్డు లేత గోధుమరంగే. నల్ల గుడ్లని ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే, వాళ్ళ ముందే ఒకటి తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి.