డీ డ్రైవ్‌లో పెడితే బ్యాకప్ అయినట్టేనా?

(తెర మీద: నల్లగొండ గడియారం సెంటర్, ఒక డీటీపీ షాపు)

నమస్తే అండీ. ఇది మా బావ షాపు. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఒకరోజు పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్ టిక్‌మని చప్పుడు, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. ప్రూఫ్ చూసి ఓకే చేసిన పెండ్లి పత్రికలన్నీ అందులోనే ఉన్నాయి. "ఏం కాదు, డీ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టిన" అన్నాడు బావ. ఆ మాట వినగానే నాకు టెన్షన్ మొదలైంది.

(తెర మీద: రెండు అరల బీరువా బొమ్మ)

చాలా కంప్యూటర్లలో సీ, డీ రెండూ ఒకే హార్డ్ డిస్క్‌లో గీసిన గీతలు. ఒకే బీరువాలో రెండు అరలన్నమాట. బీరువానే పోయాక ఏ అరలో పెడితే ఏముంది? కాపీ ఇంకో డిస్క్‌లో ఉండాలి. బయట తగిలించే హార్డ్ డిస్క్ ఒకటి కొనండి. పెన్‌డ్రైవ్ వద్దు, షాపులో అది ఎవరి జేబులోకి పోతుందో తెలియదు.

(తెర మీద: ఫ్రీఫైల్‌సింక్)

ఈ సాఫ్ట్‌వేర్ పేరు ఫ్రీఫైల్‌సింక్. ఇంటి వాడకానికి ఉచితం, వ్యాపారానికైతే దాని లైసెన్స్ షరతులు చూసుకోండి. ఎడమవైపు మీ పని ఫోల్డర్, కుడివైపు బయటి డిస్క్‌లో ఫోల్డర్ చూపించండి. 'కంపేర్' నొక్కితే ఏవి కొత్తవో, ఏవి మారాయో కనిపిస్తాయి. 'సింక్రనైజ్' నొక్కితే వాటినే కాపీ చేస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటాకైనా ఇదే పద్ధతి, కాకపోతే ముందు ట్యాలీ మూసేయండి.

ఇక్కడ కొంచెం జాగ్రత్త. సెట్టింగ్స్‌లో 'మిర్రర్' అని ఉంటుంది. ఎడమవైపు ఫైలు పొరపాటున డిలీట్ చేసి మిర్రర్ నడిపితే కుడివైపు కూడా డిలీట్ అవుతుంది. 'అప్‌డేట్' పెట్టుకోండి, అది డిలీట్ చేయదు. కానీ ఫైలు మారితే పాతదాని మీదే కొత్తది రాస్తుంది. పాతది కూడా కావాలంటే 'వర్షనింగ్' ఆన్ చేయండి. నిన్నటి ముహూర్తమే కరెక్టని పెళ్లివారు తిరిగొచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

విండోస్‌లోనే ఫైల్ హిస్టరీ ఉంది కదా అంటారు. ఉంది, మామూలుగా గంటకోసారి కాపీ తీస్తుంది. అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లనే చూస్తుంది. డీ డ్రైవ్‌లో ఉన్న మీ ఫోల్డర్‌ను మీరే చేర్చాలి.

(తెర మీద: యూఎస్‌బీ కేబుల్ పీకుతున్న చెయ్యి)

పని అయ్యాక కేబుల్ తీసేయండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే, తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలదు. 2017లో వానాక్రై వచ్చినప్పుడు ఆఫీసులు, ఆసుపత్రులు అనే తేడా లేకుండా ఎన్నో దేశాల్లో కంప్యూటర్లు అలాగే ఆగిపోయాయి. బావ ఇప్పుడు షట్టర్ దించాక డిస్క్‌ను టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తున్నాడు.

(తెర మీద: లాప్‌టాప్‌లో తెరిచిన శుభలేఖ)

నెలకోసారి ఆ డిస్క్‌లోంచి ఒక ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. మేమూ చూశాం. పత్రికలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఉన్న మా లాప్‌టాప్‌లో ఫైలు బాగానే తెరుచుకుంది, కానీ 'శ్రీరస్తు' ఉండాల్సిన చోట పిచ్చి గీతలు. ఆ పత్రికలో వాడిన 'అను' అనే తెలుగు ఫాంట్లు లాప్‌టాప్‌లో లేవు! ఇప్పుడు ఆ ఫాంట్ల ఇన్‌స్టాలర్ కూడా అదే డిస్క్‌లో ఉంది.