260 డాలర్ల పాట, 352 డాలర్ల బిల్లు: మూడు వేళ్ల బ్రౌన్ కార్డు రివ్యూ

అందరికీ నమస్తే అండి. ఇవాళ టేబుల్ మీద ఒకే ఒక్క బేస్‌బాల్ కార్డు ఉంది, అంటే ఆటగాడి బొమ్మ అచ్చేసిన చిన్న అట్టముక్క. మూడు వేళ్ల బ్రౌన్ అనే పాతకాలపు ఆటగాడిది. శనివారం పోస్టులో వచ్చింది. దీన్ని వేలంలో ఎలా పాడానో, మొత్తం ఎంతయిందో, ఆ డబ్బుకి ఇది తగునో లేదో వివరంగా చెబుతాను. వేలంలో బేస్‌బాల్ కార్డు కొనాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు చివరిదాకా చూడండి.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను. వెడల్పు అగ్గిపెట్టె అంతే, పొడుగు ఇంకాస్త ఎక్కువ. 1909కి, 1911కి మధ్య అచ్చయిన కార్డు ఇది. అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో ఇలాంటివి వేసి అమ్మేది. పెట్టె మెత్తది కదా, లోపల సిగరెట్లు నలగకుండా ఈ అట్టముక్క అడ్డం ఉండేది. బొమ్మల కోసం పిల్లలు వెంటపడేవాళ్లు. ఈ సెట్టులో 500కి పైగా కార్డులున్నాయి. అందరూ దీన్ని టీ-206 అంటారు.

ఆ పేరు కంపెనీ పెట్టింది కాదు. సిరక్యూస్‌లో ఉండే జెఫర్సన్ బర్డిక్ అనే కలెక్టర్ దేశంలోని కార్డులన్నిటికీ ఒక జాబితా తయారుచేశాడు. టొబాకో కార్డులకి 'టీ' అని గుర్తు పెట్టి, ఈ సెట్టుకి 206 నంబరు ఇచ్చాడు. కీళ్లనొప్పులతో వేళ్లు సరిగ్గా కదలకపోయినా, 3 లక్షలకు పైగా కార్డుల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసి, అక్కడే కూర్చుని తన చేతులతో ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించాడు, మార్చిలో కన్నుమూశాడు. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి ఆ మ్యూజియం పెద్ద దూరమేం కాదు. వీలు చూసుకుని ఒకసారి వెళ్లండి.

ఇప్పుడు కార్డు తిప్పుతున్నాను. వెనక నీలం సిరా. 'పీడ్‌మాంట్, ది సిగరెట్ ఆఫ్ క్వాలిటీ' అని ఉంది. అడుగున సన్న అక్షరాల్లో ఫ్యాక్టరీ నంబర్ 25, రెండో జిల్లా, ఆ పక్కన వర్జీనియా పేరు కుదించి రాశారు. మొదటిసారి ఈ లైను చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మాది టంగుటూరు దగ్గర పల్లెటూరు. మా నాన్న పొగాకు రైతు. మా ప్రకాశం జిల్లాలో ఆ పంటని వర్జీనియా అనే పిలుస్తారు. చిన్నప్పుడు రోజూ నోట్లో నానిన మాట ఒక అమెరికా రాష్ట్రం పేరని నాకు చాలా ఏళ్లదాకా తెలియదు. పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో నుంచి వచ్చే ఆ తియ్యటి వాసనలో పెరిగినవాణ్ణి. నేను కూడబెట్టే కార్డులు కూడా ఆ ఆకు వెంటే పుట్టాయని తెలిశాక, ఈ సెట్టు వదిలిపెట్టి ఇంకోదాని జోలికి వెళ్లలేకపోయాను.

వేలం అంటే ఏమిటో నాకు నేర్పింది కూడా ఆ ఊరే. నాన్నతో పొగాకు బోర్డు వేలం కేంద్రానికి వెళ్లేవాణ్ణి. బేళ్లు వరసగా పెట్టి ఉండేవి, కొనేవాళ్లు ఆకు పట్టి చూసి, వాసన చూసి, పాట పాడుకుంటూ ముందుకి కదిలేవాళ్లు. ఒక బేలు ముందు నిలబడి ఎవరూ నోరు తెరవకపోతే దాని మీద నో బిడ్ పడేది. ఆ రోజు ఇంటికొచ్చేదాకా నాన్న మాట్లాడేవాడు కాదు. అందుకే నేను కొనేవాడిగా పాడుతున్నా, అమ్మేవాడి వైపు నుంచి కూడా ఆలోచిస్తాను. ఎవరి తాతగారి పెట్టెలో నుంచి వచ్చిందో ఈ కార్డు, వాళ్లకి న్యాయమైన ధర రావాలి. కొనేవాడూ మోసపోకూడదు.

సరే, బొమ్మ వైపు వద్దాం. ఇతను మోర్డెకై బ్రౌన్, చికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టులో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. అందరూ త్రీ ఫింగర్ బ్రౌన్ అనేవాళ్లు. ఇండియానాలో పొలం మీద పెరిగాడు. చిన్నప్పుడు పశువుల మేత కోసే మెషిన్‌లో కుడి చెయ్యి పడింది. చూపుడు వేలు పోయింది, మధ్య వేలు వంకర తిరిగిపోయింది. మన ఊళ్లలో చాఫ్ కట్టర్‌లో వేళ్లు పోగొట్టుకున్న మనిషి ప్రతి వీధిలో ఒకరు కనిపిస్తారు, మీకూ గుర్తొస్తూనే ఉంటారు. అతను అదే చేత్తో బంతి విసిరాడు. ఆ వంకర వేళ్ల మీద నుంచి వెళ్లే బంతి చివర్లో అనుకోని వైపుకి తిరిగేది. 1906లో అతని ఈఆర్ఏ, అంటే పిచ్చర్ ఇచ్చిన పరుగుల సగటు, 1.04. అంటే 9 ఇన్నింగ్స్‌కి సగటున అతని ఖాతాలో పడింది ఒక్క పరుగు. 1907లో, 1908లో కబ్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు, అమెరికా బేస్‌బాల్‌లో ఏటా జరిగే ఫైనల్ అది. ఆ తర్వాత వాళ్లు మళ్లీ గెలిచింది 2016లో. 1948లో బ్రౌన్ చనిపోయాడు, ఆ మరుసటి ఏడాది గొప్ప ఆటగాళ్లకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

అంత పెద్ద ఆటగాడి కార్డు మనకి అందే ధరలో ఎలా దొరుకుతుంది? టీ-206లో అందరి కళ్లూ హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు మీదే ఉంటాయి. అతని కార్డు అచ్చు మధ్యలోనే ఆపేశారు. పిల్లలు పొగాకు కొనడం అతనికి ఇష్టం లేదని కొందరు, డబ్బు దగ్గర తేడా వచ్చిందని ఇంకొందరు చెబుతారు. ఇప్పుడు బయట కనిపించేవి 60కి అటూ ఇటూ. 2022 ఆగస్టులో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకి చేతులు మారింది. అదే నెలలో మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు, టాప్స్ కంపెనీ 1952లో వేసింది, వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. వార్తల్లోకి వచ్చేవి ఇవే. మనలాంటి ఉద్యోగస్తుల వేలం వేరు. మూలలు అరిగి, మడత పడినా, బొమ్మ మాత్రం బాగున్న కార్డు మన పాటకి అందుతుంది. ఇది గ్రేడింగ్‌లో, అంటే ఒక కంపెనీ కార్డు స్థితి చూసి మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసే పద్ధతిలో, 10కి 2 తెచ్చుకున్న కార్డు. మొహం మీద మచ్చ లేదు. నాలుగు మూలలూ గుండ్రంగా అరిగాయి. ఇలా లైటు కింద పక్కకి వంచితే, చూడండి, ఎడమ భుజం మీద నుంచి ఒక సన్నటి గీత కనిపిస్తుంది. ఇదిగో, ఇదే. ఎదురుగా చూస్తే కనిపించదు. వేలం ఫోటోలో కూడా కనిపించలేదు. ఇంకో కోణంలో ఫోటో పంపమని మెయిల్ పెడితే మర్నాడే పంపారు. మీరు కూడా సిగ్గుపడకుండా అడగండి.

ఇక వేలం రాత్రి సంగతి. పాట మొదలుపెట్టే ముందే నేను లెక్క వేసుకున్నాను. ఇంటికి చేరేసరికి మొత్తం 350 డాలర్లు దాటకూడదు. గెలిచిన ధర మీద ఈ వేలం సంస్థ 20 శాతం బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాడు కట్టే కమిషన్, వేస్తుంది. తర్వాత పోస్టేజి, ఇన్సూరెన్స్. దాని మీద న్యూజెర్సీ సేల్స్ టాక్స్ 6.625 శాతం. అన్నీ కలిపి దాదాపు మూడో వంతు పైన పడుతుంది కాబట్టి, 350ని 1.35తో భాగించాను. 259 వచ్చింది. చిన్న కాగితం మీద 260 అని రాసి లాప్‌టాప్‌కి అంటించాను.

వేలం ముగిసే టైము రాత్రి 10 అని ఉంటుంది, కానీ 10కి అయిపోదు. 10 దాటాక ఎక్స్‌టెండెడ్ బిడ్డింగ్. ఆ కార్డు మీద అప్పటికే పాడినవాళ్లు మాత్రమే అందులో కొనసాగగలరు. అందుకే రెండు రోజుల ముందే 120కి ఒక పాట పెట్టి ఉంచాను. ఆ తర్వాత ఎవరు పాడినా గడియారం మళ్లీ 15 నిమిషాల దగ్గర మొదలవుతుంది. 9:58కి నేను 200 పాడాను. 10:12కి అవతల మనిషి 220. ఇక నా వంతు 240. నేను 240 పాడితే, ఆ తర్వాతి పాట 260 తన చేతికి వెళ్లేది, నేను అక్కడితో ఆగిపోవాలి. కాబట్టి 240 పాడకుండా నేరుగా 260 పెట్టాను. ఇక నా దగ్గర ఇంకో పాట లేదు. 15 నిమిషాలు తెర మీద సెకన్లు తగ్గుతుంటే చూస్తూ కూర్చోవడం కంటే టెన్షన్ ఇంకోటి లేదండి. ఆ టైములో 280 నొక్కితే ఏమైందిలే అనిపిస్తుంది. అవతల మనిషి పాడాడా లేదా అని చూడకముందే అనిపిస్తుంది. రెండేళ్ల క్రితం నేను 150 అనుకున్న కార్డుని 310 దాకా తీసుకెళ్లాను. అందులో నాకు దక్కిన ఆనందం వారం కూడా నిలవలేదు. ఈసారి కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను. 10:27 అయింది. కార్డు నాది.

ఇప్పుడు బిల్లు. 260 మీద ప్రీమియం 52, కలిపి 312. పోస్టేజి 18, అంటే 330. టాక్స్ 21 డాలర్ల 86 సెంట్లు. మొత్తం 351.86. అనుకున్నదాని మీద రెండు డాలర్లు ఎక్కువ. ఇది ముందే తెలిసి పాడిన 260, అందుకే బిల్లు చూసి నాకు గుండె జారలేదు. కొత్తగా పాడేవాళ్లలో చాలామంది 260నే ధర అనుకుంటారు. తేడా 92 డాలర్లు.

గ్రేడింగ్ లేని విడి కార్డు ఎందుకు కొనలేదని అడుగుతారు. ఒకసారి కొన్నాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర టై కాబ్ అనే ఆటగాడి టీ-206 కార్డు, 400 డాలర్లు. ఇంటికొచ్చాక భూతద్దం కింద పెట్టాను. టీ-206లో కింద ఉండే పేరు గోధుమరంగు సిరాతో నిండుగా అచ్చవుతుంది. నా కార్డులో ఆ అక్షరాలు కూడా చిన్న చిన్న రంగు చుక్కలతో కట్టి ఉన్నాయి, ఇప్పటి పత్రికల అచ్చులాగా. గదిలో లైటు ఆపి యూవీ టార్చి వేస్తే కాగితం తెల్లగా, నీలంగా మెరిసింది. ఆ కాలపు కాగితం అలా మెరవదు, తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అప్పటికి లేవు. మెరిస్తే దొంగది. మెరవకపోతే అసలుదని మాత్రం అనుకోకండి, పాత కాగితం మీద కూడా అచ్చు వేస్తారు. ఆ డబ్బు వెనక్కి రాలేదు. ఆ కార్డు ఇదిగో, ఇప్పటికీ దాచుకున్నాను, పక్కన పెట్టి పోల్చి చూపించడానికి.

గ్రేడింగ్ డబ్బాలో ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకోకూడదు. అంచులు కత్తిరించి కొత్తవాటిలా చేసిన కార్డులు చరిత్రలో ఉన్నాయి. 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకి కొన్న వాగ్నర్ కార్డుకి 8 గ్రేడు వచ్చింది. దాని అంచులు తానే కత్తిరించానని వేలాల యజమాని బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. తన వేలాల్లో డమ్మీ పాటలు పాడించి ధరలు పెంచిన కేసులో అతనికి 20 నెలల జైలు పడింది. మన గరిష్ఠ పాట తెలిస్తే అలాంటివాళ్లు ధరని అక్కడిదాకా లాగొచ్చు, అందుకే నేను నా గరిష్ఠ పాటని ముందే సిస్టమ్‌లో పెట్టి వదిలేయను. కూర్చుని, ఒక్కో మెట్టూ నేనే పాడతాను. డబ్బా మీది సర్టిఫికెట్ నంబరు గ్రేడింగ్ కంపెనీ సైటులో కొట్టి, అక్కడ ఫోటో ఉంటే ఆ మడత, ఆ మచ్చ కలుస్తున్నాయో లేదో చూస్తాను.

మరి ఈ కార్డుకి నా మార్కులు? బొమ్మకి 9. మూలలకి 3, అది ముందే తెలిసి కొన్నదే. మడతకి ఒక మార్కు తీస్తాను. వెనక వైపు నీలం అచ్చు ఇంత చక్కగా నిలిచింది కాబట్టి ఆ మార్కు మళ్లీ ఇచ్చేస్తాను. 352 డాలర్లకి ఇది నాకు సరైన బేరం. అమ్మే ఉద్దేశం లేదు.

నిన్న నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. కార్డు వెనక వైపు చాలాసేపు చూసి, "ఫ్యాక్టరీ పేరు వేశారు గానీ ఆకు పండించినోడి పేరు యాడా లేదేరా అబ్బాయ్" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

టీ-206లో బ్రౌన్‌వి మూడు భంగిమలున్నాయి. ఇది ఒకటి. రెండోది వచ్చే నెల వేలంలో ఉంది, షర్టు మీద చికాగో అని రాసి ఉన్నది. దాని కాగితం కూడా రాసి అంటించేశాను, 240. ఎంతకి పోయిందో, ఎవరికి పోయిందో ఆ మర్నాడే వీడియో పెడతాను.