కోడీన్ దగ్గు మందు: ఎవరికి రాసింది వారికే

సభాధ్యక్షులకు, ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకు, మెడికల్ షాపుల మిత్రులకు నమస్కారం.

దగ్గు మందు అనగానే ఈమధ్య చాలామందికి గుర్తొచ్చేది 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసిపిల్లలు చనిపోయిన ఘటన. ఆ సిరప్‌లో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. అది తయారీలో జరిగిన ఘోరం. దాన్ని అరికట్టవలసిన బాధ్యత తయారీదారులదీ, ఔషధ నియంత్రణ అధికారులదీ. నేను ఈరోజు మాట్లాడబోయేది కల్తీ లేని మందు గురించి. పద్ధతి ప్రకారం తయారై, డాక్టరు రాసిన చీటీ మీదే కొన్న దగ్గు మందు కూడా ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఒకటుంది. అందులో కోడీన్ వంటి ఓపియాయిడ్, అంటే నల్లమందు కోవకు చెందిన మందు, ఉండి, ఆ సీసా ఎవరికోసం రాశారో వారి దగ్గర ఆగకుండా ఇంట్లో మరొకరి నోటికి చేరడమే ఆ సందర్భం.

కోడీన్ నల్లమందు కుటుంబానికి చెందిన మందు. మనకు దగ్గు వచ్చేలా చేసే నాడీకేంద్రం మెదడు అడుగుభాగాన మెడుల్లాలో ఉంటుంది, ఊపిరిని నడిపించే కేంద్రమూ ఆ పరిసరాల్లోనే ఉంటుంది. ఓపియాయిడ్లు మొదటిదాన్ని అణచడంతో ఆగవు. మోతాదు పెరిగితే రెండోదాన్ని కూడా మందగింపజేస్తాయి. కోడీన్ విషయంలో ఇంకో చిక్కుంది. మింగిన కోడీన్‌లో కొంత భాగాన్ని కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ మార్ఫిన్‌గా మారుస్తుంది, మందు ప్రభావంలో పెద్ద వంతు ఆ మార్ఫిన్‌దే. ఈ ఎంజైమ్ అందరిలో ఒకే జోరుగా పనిచేయదు. కొందరిలో దాదాపు పనే చేయదు, వారికి కోడీన్ వల్ల ఉపశమనం అంతంతమాత్రమే. మరికొందరిలో అది అతి వేగంగా పనిచేసి, మామూలు మోతాదు నుంచే ప్రమాదకరమైనంత మార్ఫిన్ తయారుచేస్తుంది. తాను ఏ కోవకు చెందుతాడో మనిషి ముఖం చూసి చెప్పలేం; జన్యు పరీక్ష చేయించుకుంటే తప్ప ఎవరికీ తెలియదు. అందుచేత పెద్దవాడు ఏ ఇబ్బందీ లేకుండా తాగాడు కాబట్టి చిన్నవాడికీ ఏమీ కాదనుకోవడం ప్రమాదకరమైన అంచనా. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలైనా సరే, ఆ ఎంజైమ్ ఇద్దరిలోనూ ఒకే తీరులో ఉంటుందన్న హామీ లేదు.

పిల్లల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, 1969 నుంచి 2015 మే వరకు తనకు అందిన నివేదికలను పరిశీలించినప్పుడు, కోడీన్ ఉన్న మందులు వాడిన 18 ఏళ్లలోపు వారిలో 64 మందికి తీవ్రమైన శ్వాస ఇబ్బందులు వచ్చాయనీ, వారిలో 24 మంది చనిపోయారనీ తేలింది. ఇవి ఆ సంస్థకు అందిన సంఘటనలు మాత్రమే. ఆ దరిమిలా 2017 ఏప్రిల్‌లో 12 ఏళ్లలోపు పిల్లలకు నొప్పికిగానీ దగ్గుకుగానీ కోడీన్ ఇవ్వరాదని ఎఫ్‌డీఏ ఆదేశించింది. బాలింతలు పాలిస్తున్న కాలంలో కోడీన్ వాడవద్దనీ అప్పుడే హెచ్చరించింది, ఎందుకంటే తల్లి ఒంట్లో తయారైన మార్ఫిన్ పాలలోకి చేరుతుంది. 2018 జనవరిలో ఇంకో అడుగు ముందుకు వేసి, కోడీన్ లేదా ఆ కోవకే చెందిన హైడ్రోకోడోన్ కలిసిన జలుబు, దగ్గు మందులను 18 ఏళ్లు నిండిన వారికి మాత్రమే వాడాలని లేబుళ్లు మార్పించింది. ఐరోపా మందుల సంస్థ 2015లోనే 12 ఏళ్లలోపు పిల్లల జలుబు, దగ్గులకు కోడీన్ వద్దన్నది. బ్రిటన్‌లో ఫార్మసిస్టును అడిగి కొనుక్కోగలిగిన కోడీన్ లింక్టస్ అనే దగ్గు సిరప్‌ను 2024లో ప్రిస్క్రిప్షన్ ఉంటేనే ఇచ్చే మందుగా మార్చారు.

ఇంత ప్రమాదం ఉన్న మందు దగ్గునైనా గట్టిగా తగ్గిస్తుందా అంటే, నా దృష్టిలో అసలు వెక్కిరింత అక్కడే ఉంది. మామూలు జలుబుతో వచ్చే దగ్గులో కోడీన్, ఉత్త తీపి సిరప్ కంటే మెరుగ్గా పనిచేసిందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. జలుబు దగ్గు చాలావరకు రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. ఆ రోజుల్లో ఏ సీసా చేతిలో ఉంటే ఘనత దానికి దక్కుతుంది. రాత్రి బిడ్డ దగ్గకుండా పడుకున్నాడంటే తల్లికి తగ్గినట్టే అనిపిస్తుంది, కానీ అది మందు తెచ్చిన మత్తు కూడా కావచ్చు.

మన దేశంలో ఈ మందు చరిత్ర వేరు. క్లోర్‌ఫెనిరమైన్ అనే అలర్జీ మందు, కోడీన్ కలిసిన సిరప్ దశాబ్దాల పాటు ఇంటింటి మందుగా చలామణి అయింది, దానికోసమే సీసాలు సీసాలు తాగే యువకులూ తయారయ్యారు. 1982 ఔషధ విధానంతో బంగ్లాదేశ్ ఇలాంటి మందులను తొలగించాక, సరిహద్దు దాటించే దొంగ సరుకుల్లో ఈ సిరప్ పేరు మోసింది. 2016 మార్చిలో కేంద్రం నిషేధించిన 344 మిశ్రమ మందుల్లో ఇదీ ఒకటి, కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నిపుణుల కమిటీ మళ్లీ పరిశీలించాక, 2023 జూన్‌లో నిషేధించిన 14 మిశ్రమాల్లో క్లోర్‌ఫెనిరమైన్–కోడీన్ సిరప్ చేరింది. ఒక మిశ్రమాన్ని నిషేధించినంత మాత్రాన కోడీన్ మాయమైనట్టు కాదు. పాత సీసాలు బీరువాల్లో ఉండనే ఉన్నాయి.

కాబట్టి ఇంటికి వెళ్లగానే దగ్గు మందు సీసా తీసి, ముందువైపున్న పెద్ద పేరు వదిలేసి, వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న భాగం చదవండి. ‘ప్రతి 5 మిల్లీలీటర్లలో’ అని మొదలయ్యే వరుసలుంటాయి. పాత సీసాల్లో సాధారణంగా కోడీన్ ఫాస్ఫేట్ 10 మిల్లీగ్రాములు, క్లోర్‌ఫెనిరమైన్ మాలియేట్ 4 మిల్లీగ్రాములు అని కనిపిస్తుంది. ఈ రెండోది అలర్జీ మందు, కానీ అదీ మత్తు తెచ్చేదే. అంటే ఒకే చెంచాలో రెండు మత్తులు. డెక్స్‌ట్రోమిథార్ఫాన్ అని ఉంటే అది వేరే దగ్గు మందు, కోడీన్ కాదు, అయినా దాన్ని పిల్లలకు సొంతంగా పోసే స్వేచ్ఛ మనకు లేదు. చెంచా విషయం కూడా చెప్పాలి. వంటింట్లో చిన్న చెంచా సుమారు 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా సుమారు 15. చీకట్లో డబ్బాలోకి చెయ్యి పెట్టి అందిన చెంచాతో పోస్తే ఒక మోతాదు మూడు మోతాదులవుతుంది. సీసాతో వచ్చిన గీతల మూతతోనే కొలవాలి.

పెద్దవారికి డాక్టరు ఈ మందు రాసినప్పుడు, తాము వాడుతున్న మిగతా మందులన్నీ ఆయనకు చెప్పడం అవసరం. ఆల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్ వంటి నిద్రమాత్రలతోగానీ మద్యంతోగానీ ఓపియాయిడ్ కలిస్తే ఊపిరి మందగించే ముప్పు పెరుగుతుంది. ‘ఒక్క పెగ్గే కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు. నిద్రలో పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారు, ఆయాసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ప్రోస్టేట్ వాచిన పెద్దాయనకు మూత్రం బిగుసుకుపోవచ్చు, మలబద్ధకం ఎలాగూ తప్పదు, రాత్రి తూగుతూ లేచి పడిపోయే అవకాశమూ ఉంది. ఇంకొక మాట: రామిప్రిల్, ఎనాలాప్రిల్ వంటి బీపీ మాత్రలే కొందరికి పొడి దగ్గు తెస్తాయి. ఆ దగ్గుకు సిరప్ మీద సిరప్ తాగడం వృథా. మాత్ర మార్చమని డాక్టరును అడగాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి, క్షయ ఉంటే మత్తు మందు దాన్ని దాచిపెడుతుంది.

పిల్లల దగ్గుకు మరి ఏం చేయాలని అడుగుతారు. ఏడాది నిండిన బిడ్డకు పడుకునే ముందు కొద్దిగా తేనె ఇవ్వవచ్చు; ఏడాదిలోపు బిడ్డకు బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు ప్రమాదం వల్ల తేనె ముట్టించకూడదు. ముక్కుకు ఉప్పునీటి చుక్కలు, తాగడానికి తరచుగా గోరువెచ్చని నీళ్లు చాలావరకు సరిపోతాయి. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతే ఇంటి వైద్యం ఆపి ఆస్పత్రికి పోవాలి.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లకు ఒక హెచ్చరిక. దుబాయ్, అబుదాబి వెళ్లే కరీంనగర్, నిజామాబాద్, కడప కుటుంబాల వారు పచ్చళ్ల మధ్య దగ్గు సీసా సర్దుకునే ముందు ఆలోచించాలి. కోడీన్, నొప్పి మందు ట్రమడాల్ అక్కడ నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళితే కేసవుతుంది. అమెరికాలో మనవడికి దగ్గు వస్తే నాయనమ్మ సూట్‌కేసులోంచి తీసిన సీసా కంటే అక్కడి పిల్లల డాక్టరు మాట వినడం మేలు.

మెడికల్ షాపుల మిత్రులకు తెలిసిన నిబంధనే, మళ్లీ చెబుతున్నాను. కోడీన్ 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్‌1 షెడ్యూలులోని మందు. అమ్మినప్పుడు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ‘మొన్నటి చీటీయే, ఇంకో సీసా ఇవ్వు’ అని తెలిసినవారు అడిగినా కాదనే ధైర్యం మీకుండాలి, కాదన్నందుకు మీమీద అలగకుండా ఉండే విజ్ఞత మాకుండాలి. ఇంట్లో మిగిలిపోయిన మందును మరో జలుబుకు దాచవద్దు. వాడిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవరులో కట్టి చెత్తలో పడేయండి. వాడకంలో ఉన్న సీసాను తాళం వేసే బీరువాలో ఉంచండి. యువకుల చేతికి అందే ఫ్రిజ్ తలుపులో వద్దు.

ఎవరైనా ఈ మందు తాగాక పిలిచినా సరిగా పలకకపోతే, ఊపిరి నెమ్మదిగా, ఆగి ఆగి వస్తుంటే, పెదవులు నీలంగా మారితే, కంటిపాపలు సూదిమొనంత చిన్నవైతే, నిద్రపోతున్నారు లెమ్మని వదిలేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఊపిరి గమనిస్తూ ఉండండి. ఆస్పత్రిలో నలోక్సోన్ అనే విరుగుడు ఉంటుంది. దాన్ని సమయానికి ఇవ్వాలంటే ఏ మందు తాగారో, ఎంత తాగారో డాక్టరుకు తెలియాలి. అందుకని ఆ సీసాను, అందులో ఎంత మిగిలి ఉంటే అంతతో, వెంట తీసుకెళ్లండి.