మే 19: సామ్సున్‌లో పండుగ, ఏథెన్స్‌లో సంతాపం

(తెరపై: ఏథెన్స్, పార్లమెంటు ముందున్న కూడలి)

ఏటా మే 19న ఏథెన్స్‌లో అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర కాపలావాళ్ల దుస్తులు మారిపోతాయి. రోజూ వేసుకునే దుస్తులు ఉండవు. నల్లసముద్ర తీరపు గ్రీకులైన పొంటిక్ ప్రజల నల్లటి దుస్తులు, ఛాతీ మీద తూటాల పట్టీలు, తలకు నల్లగుడ్డ. ఎదురుగా తాతల కాలం నాటి ఫొటోలు పట్టుకుని జనం.

అదే రోజు టర్కీ అంతటా సెలవు. అక్కడి నల్లసముద్ర రేవు పట్టణం సామ్సున్‌లో ఎక్కడ చూసినా జెండాలే.

(తెరపై: నల్లసముద్రం మ్యాప్. సామ్సున్, ట్రాబ్జోన్ గుర్తులు)

1919 మే 19న, తర్వాత టర్కీ తొలి అధ్యక్షుడైన ముస్తఫా కెమాల్ బందిర్మా ఓడ దిగి సామ్సున్‌లో అడుగుపెట్టాడు. టర్కులు తమ స్వాతంత్ర్య పోరాటం అక్కడే మొదలైందంటారు. ఆ తీరంలో వేల ఏళ్లుగా బతికిన పొంటిక్ గ్రీకులకు మాత్రం అది తమ వినాశనంలో చివరి దశ మొదలైన రోజు. 1994లో గ్రీసు పార్లమెంటు కావాలనే ఆ తేదీని ఎంచుకుని జాతిహత్య సంస్మరణ దినంగా ప్రకటించింది. టర్కీ విదేశాంగ శాఖ దీన్ని మళ్లీ మళ్లీ ఖండిస్తూ వస్తోంది.

మరి జరిగిందేమిటి? మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916 నుంచి, అప్పటి ఒట్టోమన్ టర్కీ పాలకులు తీరంలోని గ్రీకు ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని లోపలి కొండల్లోకి నడిపించారు. మగవాళ్లను కూలీ దళాల్లోకి తోశారు. ఆకలికి, చలికి, జబ్బులకు దారిలోనే కుప్పకూలినవాళ్లు లెక్కలేనంతమంది. 1921లో కెమాల్ పక్షం వాళ్లు సామ్సున్‌కు దక్షిణాన ఉన్న అమాస్యాలో ప్రత్యేక కోర్టు పెట్టి పొంటిక్ ప్రముఖులను ఉరి తీశారు. ట్రాబ్జోన్‌లో ఎపోహి పత్రిక నడిపిన నికోస్ కపెతానిదిస్ వాళ్లలో ఒకడు. పత్రిక నడిపే మనిషిని ఉరి తీయడాన్ని యుద్ధ అవసరం అంటే నేను ఒప్పుకోను.

మొత్తం 3,53,000 మంది చనిపోయారని పొంటిక్ సంఘాలు చెబుతాయి. ఆ అంకె మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు.

(తెరపై: 1919 నాటి స్మిర్నా రేవు)

ఇప్పుడు టర్కీ అభ్యంతరం విందాం. దాన్ని కొట్టిపారేయడం తేలికే, కానీ న్యాయం కాదు. 1919 మే 15న, అంటే కెమాల్ ఓడ దిగడానికి నాలుగు రోజుల ముందు, గ్రీకు సైన్యం స్మిర్నాలో దిగింది. నేటి ఇజ్మీర్ అదే. 1921లో గ్రీకు సైన్యం చేతిలో ఉన్న యాలోవా ప్రాంతంలో ముస్లిం గ్రామాల మీద జరిగిన దారుణాలను మిత్రరాజ్యాల విచారణ సంఘమే నమోదు చేసింది. 1922లో వెనక్కి పోతూ ఆ సైన్యం మనీసా, అలాషెహిర్ లాంటి పట్టణాలను తగలబెట్టింది. యుద్ధాన్ని ముగించిన 1923 లోజాన్ ఒప్పందం 59వ అధికరణంలో, అనటోలియాలో, అంటే టర్కీ ఆసియా భాగంలో, తన సైన్యం యుద్ధ నియమాలు మీరి చేసిన నష్టానికి పరిహారం బాధ్యత తనదేనని గ్రీసే ఒప్పుకుంది. గ్రీసు ఆర్థిక పరిస్థితి చూసి టర్కీ ఆ డబ్బు వదులుకుంది.

అంతమాత్రాన పొంటిక్ ఊళ్లకు జరిగింది చెల్లుకు చెల్లు అయిపోదు. మనీసాలో కాలిన ఇంటికి ట్రాబ్జోన్ పిల్లాడు బాకీ లేడు. టర్కీ వాదనలో నాకు మింగుడుపడనిది ఇదే.

గ్రీసు లోపల వచ్చిన అభ్యంతరం వేరు. 1998లో పార్లమెంటు సెప్టెంబర్ 14ను ఆసియా మైనర్ (అనటోలియాకే మరో పేరు) గ్రీకులందరి కోసం మరో జాతిహత్య సంస్మరణ దినంగా పెట్టింది. చరిత్ర మీద తీర్పు చెప్పడం పార్లమెంటు పనా అని గ్రీకు మేధావులే అడిగారు. 2014లో ఇంకో అడుగు పడింది. పార్లమెంటు గుర్తించిన జాతిహత్య జరగనేలేదని ద్వేషం రెచ్చగొట్టేలా అన్నవాళ్లను శిక్షించే చట్టం వచ్చింది. చాలామంది చరిత్రకారులు బహిరంగంగా వ్యతిరేకించారు. వాళ్లు చనిపోయినవాళ్లను తక్కువ చేయలేదు. పరిశోధన చేసేవాడి నెత్తిన కోర్టు కేసు టెన్షన్ ఉండకూడదన్నారు. నేను వాళ్ల పక్షమే.

(తెరపై: 1923 నాటి శరణార్థులు)

ఈ తేదీల్లో ఇమడనివాళ్లూ ఉన్నారు. 1923లో గ్రీసు, టర్కీల మధ్య జనాభా మార్పిడిని మతం చూసి చేశారు. టర్కీ నడిమి ప్రాంతమైన కపడోకియాలో టర్కిష్ తప్ప మరో భాష రాని క్రైస్తవులను గ్రీసుకు, గ్రీసు దీవి క్రీట్‌లో గ్రీకు మాట్లాడే ముస్లింలను టర్కీకి పంపేశారు. సుమారు 12 లక్షల మంది అటు, దాదాపు 4 లక్షల మంది ఇటు.

మే 19ని గ్రీసు రద్దు చేసుకోవాలని నేను అనను. తమవాళ్లకు దీపం పెట్టుకునే హక్కు పొంటిక్ కుటుంబాలకు ఉంది. అయితే ఆ 2014 శిక్ష తీసేయాలి, బళ్లో మే 19 చెప్పే టీచరు 59వ అధికరణం కూడా చదివించాలి. టర్కీ కూడా ఖండనతో సరిపెట్టకుండా, అమాస్యాలో ఎవరిని, ఎందుకు ఉరి తీశారో తన పిల్లలకు చెప్పాలి.